సైకెడెలిక్స్: ప్రమాదం మందులో ఎంత, పరిస్థితిలో ఎంత

2010లో లాన్సెట్ వైద్య పత్రికలో ఒక పట్టిక అచ్చయింది. బ్రిటన్ శాస్త్రవేత్త డేవిడ్ నట్, ఆయన సహచరులు 20 మత్తుపదార్థాలను తీసుకుని, వాడేవారికీ వారి చుట్టూ ఉన్నవారికీ కలిగే హానిని 16 ప్రమాణాల మీద లెక్కగట్టి మార్కులు వేశారు. మద్యానికి 72, సైకెడెలిక్స్ అని పిలిచే భ్రాంతి మందుల్లో ఎల్‌ఎస్‌డికి 7, సైలోసిబిన్ పుట్టగొడుగులకు 6 వచ్చాయి. పట్టికలో అట్టడుగున ఉన్నవి ఆ పుట్టగొడుగులే. 2024లో కెనడాలోని ఒంటారియో నుంచి మరో అధ్యయనం వెలువడింది. 14 నుంచి 65 ఏళ్ల మధ్య వయసున్న సుమారు 92 లక్షల మంది ఆరోగ్య రికార్డులను అందులో పరిశీలించారు. భ్రాంతులు కలిగించే మందులు తీసుకుని ఆసుపత్రి అత్యవసర విభాగానికి వచ్చినవారిలో 4 శాతం మందికి మూడేళ్ల లోపు స్కిజోఫ్రేనియా కోవకు చెందిన జబ్బు ఉన్నట్టు నిర్ధారణ అయింది. సాధారణ జనాభాలో ఆ సంఖ్య 0.15 శాతం. అంతకుముందే ఉన్న మానసిక సమస్యలను, ఇతర మత్తుపదార్థాల వాడకాన్ని లెక్కలోకి తీసుకుని సవరించాక కూడా ముప్పు మూడున్నర రెట్లు ఎక్కువగానే మిగిలింది.

ఈ రెండు లెక్కలూ నిలబడేవే. వాటిని వాడుకుంటున్న తీరే సరిగా లేదు. మద్యంలో పదోవంతు హాని కూడా లేదని ఒక పక్షం మొదటి పట్టికను చూపిస్తుంది. ముట్టుకుంటే మతి పోతుందని రెండో పక్షం ఒంటారియో అంకెలను చూపిస్తుంది. నట్ బృందం లెక్కగట్టింది ఒక సమాజం మొత్తానికి జరిగే నష్టాన్ని: వ్యసనం, మరణాలు, గాయాలు, నేరాలు, కుటుంబాల మీద పడే భారం. ఎంతోమంది రోజూ తాగే మద్యం ఆ లెక్కలో పైకి రావడం, కొద్దిమంది ఎప్పుడో ఒకసారి తీసుకునే పుట్టగొడుగులు అడుగుకు దిగడం సహజమే. ఒక మనిషికి ఒక రాత్రి ఏమవుతుందో ఆ మార్కు చెప్పదు. ఒంటారియో అధ్యయనం చూసింది పరిస్థితి చెయ్యిదాటి ఆసుపత్రికి చేరినవారిని మాత్రమే; ఇబ్బంది లేకుండా బయటపడినవారు అందులో లేరు. పైగా మందే జబ్బును తెచ్చిందా, లేక లోపల మొదలవుతున్న జబ్బే మనిషిని మందు వైపు నెట్టిందా అన్నది అలాంటి అధ్యయనంతో తేలే విషయం కాదు.

ఈ మందులు సురక్షితమా కాదా అని ఒక్క ముక్కలో అడిగినంతకాలం ఈ తగువు తెగదని నా అభిప్రాయం. ఎవరు తీసుకుంటున్నారు, చేతిలో ఉన్నది నిజంగా ఏమిటి, ఒంట్లో అప్పటికే ఏ మందులు ఉన్నాయి, పక్కన ఎవరున్నారు అనే నాలుగు ప్రశ్నలకు జవాబు మారినప్పుడల్లా ప్రమాదం స్థాయి మారిపోతుంది. పరిశోధనల్లో కనిపించే భద్రతలో పెద్ద వాటా మందుది కాదు, దాని చుట్టూ కట్టిన కట్టుదిట్టాలది. ఆ కట్టుదిట్టాలను వదిలేసి వాటి ఫలితంగా వచ్చిన అంకెలను మాత్రం వెంట తీసుకుపోవడమే నేటి చర్చలో నన్ను ఎక్కువగా కలవరపెడుతున్న విషయం.

మెదడులో జరిగేది

ఎల్‌ఎస్‌డి, పుట్టగొడుగుల్లోని సైలోసిబిన్, పెయోటి కాక్టస్‌లోని మెస్కలిన్, అయవాస్కా కషాయంలోని డీఎంటీ అనే నాలుగింటినీ సంప్రదాయ సైకెడెలిక్స్‌గా పరిగణిస్తారు. ఎక్‌స్టసీ పేరుతో అమ్మే ఎండీఎంఏ, ఆపరేషన్లలో మత్తు కోసం వాడే కెటమిన్, ఆఫ్రికా పొద నుంచి తీసే ఐబొగెయిన్ వంటి వాటిని కూడా వాడుకలో ఇదే గంపలో వేస్తారు కానీ, అవి పనిచేసే తీరు వేరు, వాటితో వచ్చే ప్రమాదాలు కూడా వేరు. ఎండీఎంఏ ఒంటి వేడిని ప్రాణాంతక స్థాయికి పెంచగలదు. ఐబొగెయిన్ గుండె కొట్టుకునే లయను దెబ్బతీసి ప్రాణాలు తీసిన సందర్భాలు వైద్య పత్రికల్లో నమోదయ్యాయి. పుట్టగొడుగుల గురించి చదివిన మంచి మాటను ఐబొగెయిన్‌కు అన్వయించుకోవడం ప్రాణం మీదికి తెచ్చే పొరపాటు.

సంప్రదాయ సైకెడెలిక్స్ అన్నీ ప్రధానంగా, మెదడు కణాల మీద సెరటోనిన్ అనే రసాయనం వచ్చి అతుక్కునే రిసెప్టర్లలో ఒకటైన 5-హెచ్‌టీ2ఏ మీద పనిచేస్తాయి. దీనికి గట్టి రుజువు 1998లో జ్యూరిక్ నుంచి వచ్చింది. ఫ్రాంజ్ వోలెన్‌వైడర్ బృందం ఆ రిసెప్టర్‌ను మూసివేసే కెటాన్సెరిన్ అనే మందును ముందుగా ఇచ్చి ఆ తర్వాత సైలోసిబిన్ ఇస్తే, రావలసిన భ్రాంతులు రాలేదు. ఎల్‌ఎస్‌డి ప్రభావం 8 నుంచి 12 గంటల దాకా ఎందుకు సాగుతుందన్నది చాలాకాలం చిక్కుముడిగానే ఉండేది. 2017లో నార్త్ కరోలినా విశ్వవిద్యాలయంలో బ్రయన్ రాత్ బృందం, 2ఏకు దగ్గరి చుట్టమైన 2బీ రిసెప్టర్‌లో ఎల్‌ఎస్‌డి అణువు ఎలా ఇరుక్కుంటుందో ఎక్స్‌రే స్ఫటిక చిత్రంలో చూపించింది. అణువు లోపలికి చేరగానే రిసెప్టర్‌లోని ఒక భాగం దాని మీద మూతలా వాలిపోతుంది, అణువు బయటపడటానికి చాలా సమయం పడుతుంది. సైలోసిబిన్ ప్రభావం 4 నుంచి 6 గంటలు ఉంటుంది. పొగగా పీల్చిన డీఎంటీ నిమిషాల్లోనే ముగుస్తుంది. భద్రత దృష్ట్యా ఈ తేడా చిన్నది కాదు. అరగంటలో పోయే భయం వేరు, తెల్లవారేదాకా వదలని భయం వేరు.

ఆ గంటల్లో మనిషికి ఏమవుతుందంటే, రంగులు చిక్కబడతాయి, కదలని గోడలు ఊపిరి తీస్తున్నట్టు కనిపిస్తాయి, కళ్లు మూసుకుంటే అల్లికలు, ఆకారాలు కదలాడతాయి, కాలం సాగిపోతుంది లేదా నిలిచిపోతుంది. మోతాదు పెరిగితే నేను, నాది అన్న హద్దు కరిగిపోయినట్టు అనిపిస్తుంది. కొందరికి అది జీవితంలో మరువలేని ప్రశాంతతగా మిగులుతుంది, ఇంకొందరికి చచ్చిపోతున్నామన్న లేదా పిచ్చివాళ్లమైపోతున్నామన్న నమ్మకంగా మారుతుంది. ఒకే మనిషికి ఒకే రాత్రి రెండూ కావచ్చు. 2006లో జాన్స్ హాప్కిన్స్ విశ్వవిద్యాలయంలో రోలండ్ గ్రిఫిత్స్ బృందం 36 మంది ఆరోగ్యవంతులకు సైలోసిబిన్ ఇచ్చి చేసిన అధ్యయనం, ఈ రంగానికి మళ్లీ ఊపిరి పోసింది. పాల్గొన్నవారిలో మూడింట రెండు వంతుల మంది దాన్ని తమ జీవితంలోని అత్యంత అర్థవంతమైన అయిదు అనుభవాల్లో చేర్చారన్న మాట ప్రపంచమంతా పాకింది. అదే అధ్యయనంలో 11 మంది, అంటే దాదాపు మూడో వంతు, ఏదో ఒక దశలో తీవ్రమైన భయానికి లోనయ్యారన్న మాటకు మాత్రం అంత ప్రచారం రాలేదు. ముందే జల్లెడ పట్టి ఎంపిక చేసిన, పక్కన శిక్షణ పొందిన మనుషులున్న గదిలో వచ్చిన అంకె ఇది.

శరీరానికి విషమా?

శుద్ధమైన ఎల్‌ఎస్‌డి, సైలోసిబిన్‌ల విషయంలో శరీరానికి నేరుగా కలిగే హాని తక్కువే. కనుపాపలు విప్పారతాయి, రక్తపోటు, గుండె వేగం పెరుగుతాయి, వికారం, తలనొప్పి వస్తాయి. 1970ల మొదట్లో శాన్‌ఫ్రాన్సిస్కోలో ఎనిమిది మంది ఎల్‌ఎస్‌డి పొడిని కొకెయిన్ అనుకుని ముక్కుతో పీల్చారు. మామూలు మోతాదు మైక్రోగ్రాముల్లో ఉండే మందు అది. 500 మిల్లీగ్రాముల పారాసెటమాల్ మాత్రలో అయిదు వేలో వంతు చాలు. వాళ్లలో కొందరు కోమాలోకి వెళ్లారు, వాంతులు చేసుకున్నారు, ఒంటి వేడి పెరిగింది, రక్తం గడ్డకట్టే ప్రక్రియ దెబ్బతింది. ఆసుపత్రిలో సకాలంలో చికిత్స అందడంతో ఎనిమిది మందీ బతికారు. మరో మందు విషయంలో మామూలు మోతాదును ఇంతగా దాటితే బతకడం అరుదు.

వ్యసనం సంగతి కూడా ఇలాగే ఉంటుంది. వరసగా రెండు మూడు రోజులు తీసుకుంటే ప్రభావమే రాకుండా పోయేంత వేగంగా శరీరం అలవాటు పడిపోతుంది కాబట్టి, నల్లమందులా, మద్యంలా ఇవి రోజువారీ బానిసత్వాన్ని పెంచవు. ఈ వాస్తవాలను దాచాల్సిన పని లేదు. దాచినందువల్ల జరిగిన నష్టం చరిత్రలో ఉంది. 1968లో అమెరికాలోని పెన్సిల్వేనియాలో ఒక ప్రభుత్వాధికారి, ఎల్‌ఎస్‌డి తీసుకున్న విద్యార్థులు సూర్యుడి వైపు చూస్తూ ఉండిపోయి గుడ్డివారయ్యారని ప్రకటించాడు. అది పూర్తిగా కల్పితమని తర్వాత తేలింది. ఎల్‌ఎస్‌డి క్రోమోజోములను దెబ్బతీస్తుందని 1967లో పుట్టిన భయాన్ని కూడా 1971 నాటి సమీక్ష చాలావరకు తోసిపుచ్చింది. ఇలాంటి బెదిరింపులు అబద్ధమని తెలుసుకున్న యువత నిజమైన హెచ్చరికలను సైతం అదే చెత్తబుట్టలో వేసింది.

చేతిలో ఉన్నది అదేనా?

పైన చెప్పిన భరోసా అంతా శుద్ధమైన మందుకు వర్తిస్తుంది, చాటుగా అమ్మే సరుకుకు వర్తించదు. ఎల్‌ఎస్‌డిని సాధారణంగా చిన్న కాగితపు ముక్కల్లో ఇంకించి అమ్ముతారు. మందుకు రంగు, వాసన ఉండవు కాబట్టి ఆ ముక్కను చూసి లోపల ఏముందో ఎవరూ చెప్పలేరు. 2010 తర్వాత 25ఐ-ఎన్‌బీఓఎంఈ అనే పదార్థం అచ్చం అలాంటి కాగితాల మీదే, ఎల్‌ఎస్‌డి పేరుతోనే అమ్ముడైంది. మెదడులోని రిసెప్టర్ల అధ్యయనం కోసం 2003లో బెర్లిన్‌లో ఒక పరిశోధకుడు తయారుచేసిన రసాయనం అది. అదే 2ఏ రిసెప్టర్‌ను అత్యంత బలంగా ప్రేరేపిస్తుంది, కానీ శరీరం దాన్ని ఎల్‌ఎస్‌డిలా సహించదు. మూర్ఛలు, అదుపు తప్పిన జ్వరం, కండరాలు చితికి మూత్రపిండాలు పాడవడం, మరణాలు నమోదయ్యాక 2013లో అమెరికా దాన్ని అత్యవసరంగా నిషేధించింది. చనిపోయినవారిలో కొందరు తాము ఎల్‌ఎస్‌డి తీసుకుంటున్నామనే అనుకున్నారు. ఎల్‌ఎస్‌డితో మరణాలు దాదాపు ఉండవన్న మాటను నమ్మి ధైర్యం చేసినవారికి ఆ మాట ఏ రకంగానూ అక్కరకు రాలేదు.

2024లో అమెరికాలో జరిగింది ఇంకా గమనించదగినది. పుట్టగొడుగుల మిశ్రమం ఉందంటూ దుకాణాల్లో బాహాటంగా అమ్మిన ఒక రకం చాక్లెట్లు, గమ్మీలు తిని అనేక రాష్ట్రాల్లో జనం మూర్ఛలతో, స్పృహ తప్పి, వాంతులతో ఆసుపత్రుల్లో చేరారు. ఆహార, ఔషధ నియంత్రణ సంస్థ ఎఫ్‌డీఏ ఆ సరుకును పరీక్షిస్తే, అమనీటా పుట్టగొడుగుల్లో ఉండే మసిమాల్, నరాల జబ్బులకు డాక్టర్ చీటీ మీద ఇచ్చే ప్రీగాబలిన్, సైలోసిబిన్‌కు దగ్గరి కృత్రిమ రసాయనం బయటపడ్డాయి. రంగురంగుల పొట్లం, ముద్రించిన బ్రాండు పేరు, కౌంటర్ మీద అమ్మకం, ఇవేవీ లోపలి పదార్థానికి హామీ ఇవ్వలేకపోయాయి.

అడవిలో తానే ఏరుకుంటే కల్తీ ఉండదనుకునేవారికి వేరే ముప్పు పొంచి ఉంది. సైలోసిబిన్ ఉన్న కొన్ని చిన్న గోధుమరంగు పుట్టగొడుగులు పెరిగే చోటే గాలెరీనా మార్జినాటా అనే జాతి కూడా పెరుగుతుంది. చూపుకు రెండూ ఒకేలా ఉంటాయి. గాలెరీనాలో ఉండే అమాటాక్సిన్లు కాలేయాన్ని చంపేస్తాయి. తిన్న ఆరు గంటలకు గాని, ఒక్కోసారి పన్నెండు గంటలు దాటితే గాని వాంతులు, విరేచనాలు మొదలుకావు. తర్వాత ఒక రోజు తగ్గినట్టే అనిపిస్తుంది. ఆ ఊరట మోసం. లోపల కాలేయం కుప్పకూలుతూనే ఉంటుంది.

ఒంట్లో ఉన్న మందులతో కలిస్తే

సైకెడెలిక్స్ వైపు ఆశగా చూస్తున్నవారిలో ఎందరో ఇప్పటికే డిప్రెషన్‌కో, బైపోలార్‌కో మందులు వాడుతున్నవారు. అందుకే ఈ భాగం మీద ఎక్కువ శ్రద్ధ పెట్టాలి. బైపోలార్ చికిత్సలో వాడే లిథియంతో ఎల్‌ఎస్‌డి లేదా సైలోసిబిన్ కలవడం అన్నిటికన్నా ప్రమాదకరం. 2021లో పరిశోధకులు వాడకందారులు స్వయంగా రాసుకున్న అనుభవాలను పోగుచేసి చూస్తే, లిథియంతో కలిపి తీసుకున్న 62 సందర్భాల్లో దాదాపు సగంలో మూర్ఛలు వచ్చాయి. అదే జబ్బుకు వాడే లామోట్రిజిన్‌తో తీసుకున్నవారి కథనాల్లో మూర్ఛ అన్న మాటే లేదు. స్వచ్ఛందంగా రాసిన కథనాలు కాబట్టి ఆ శాతాన్ని యథాతథంగా తీసుకోలేం. కానీ రెండు మందుల మధ్య తేడా ఇంత స్పష్టంగా ఉన్నప్పుడు దాన్ని కొట్టిపారేయడం మూర్ఖత్వం.

అయవాస్కాది మరో లెక్క. డీఎంటీని మింగితే కడుపులోనే విరిగిపోతుంది. కషాయంలో వేసే తీగలోని హార్మిన్ వంటి పదార్థాలు దాన్ని విరిచే మోనోఅమైన్ ఆక్సిడేజ్ ఎంజైమును అడ్డుకోవడం వల్లే అది మెదడుకు చేరుతుంది. ఆ అడ్డంకి డీఎంటీ ఒక్కదానికే పరిమితం కాదు. ఎస్‌ఎస్‌ఆర్‌ఐ రకం డిప్రెషన్ మందులు, నొప్పికి వాడే ట్రమడాల్, కొన్ని దగ్గు మందుల్లో ఉండే డెక్స్‌ట్రోమెథార్ఫన్ అప్పుడు ఒంట్లో ఉంటే సెరటోనిన్ మితిమీరి పేరుకుని, వణుకు, కండరాల బిగుతు, విపరీతమైన జ్వరంతో సెరటోనిన్ సిండ్రోమ్‌గా మారవచ్చు. ఇది తెలిసి కొందరు అయవాస్కా కార్యక్రమానికి వెళ్లేముందు డిప్రెషన్ మందులను తమంతట తామే ఆపేస్తారు. ఒక ప్రమాదం నుంచి తప్పుకోబోయి మరో ప్రమాదంలో పడటమే అది: మందు హఠాత్తుగా ఆపితే వచ్చే తల తిరుగుడు, చిరాకు, నిద్రలేమి ఒకవైపు, తిరగబెట్టే డిప్రెషన్, ఆత్మహత్య ఆలోచనలు మరోవైపు. ఆ బలహీన స్థితిలోనే మనిషి జీవితంలోకెల్లా తీవ్రమైన అనుభవంలోకి అడుగు పెడతాడు. గుండె జబ్బు, అదుపులో లేని రక్తపోటు ఉన్నవారికి రక్తపోటు పెరుగుదల ఒక్కటే చాలు, పరీక్షల్లో వారిని మొదట్లోనే పక్కన పెట్టేస్తారు.

అతి చిన్న మోతాదులను వారంలో కొన్ని రోజులు తీసుకునే మైక్రోడోసింగ్ గురించి ఒక మాట. 2021లో ఇంపీరియల్ కాలేజ్ లండన్ పరిశోధకులు 191 మందితో, తాము తీసుకుంటున్నది అసలు మందో ఉత్తుత్తి గుళికో వారికే తెలియకుండా చేసి పరిశీలిస్తే, రెండు గుంపుల్లోనూ మనసు దాదాపు ఒకేలా మెరుగైంది. లాభం ఊహాశక్తిది అయినప్పుడు నష్టాన్ని మరింత జాగ్రత్తగా తూచాలి. ఎల్‌ఎస్‌డి, సైలోసిబిన్‌లు గుండె కవాటాల్లో ఉండే 2బీ రిసెప్టర్‌ను కూడా తాకుతాయి. అదే రిసెప్టర్‌ను ఎక్కువకాలం ప్రేరేపించి కవాటాలను మందంగా మార్చినందుకే ఫెన్‌ఫ్లూరమిన్ అనే బరువు తగ్గించే మందును 1997లో మార్కెట్ నుంచి వెనక్కి తీసుకున్నారు. ఏడాదికి ఒకసారి తీసుకుంటే లేని ప్రశ్న, నెలల తరబడి తీసుకుంటే పుట్టుకొస్తుంది.

మనసుకు జరిగే గాయం

లాస్ ఏంజెలెస్ మానసిక వైద్యుడు సిడ్నీ కోహెన్ 1960లో ఎల్‌ఎస్‌డి, మెస్కలిన్ ఇస్తున్న పరిశోధకులకు లేఖలు రాసి వివరాలు సేకరించాడు. 44 మంది జవాబిచ్చారు. సుమారు 5,000 మందికి 25,000 సార్లు ఇచ్చిన లెక్క అది. రెండు రోజులు దాటిన మతిభ్రమణం ఆరోగ్యవంతుల్లో వెయ్యికి 0.8, మానసిక రోగుల్లో వెయ్యికి 1.8గా తేలింది. ఈ మందులు చాలా సురక్షితమని ఈనాటికీ ఆ వ్యాసాన్నే చూపించేవారున్నారు. మందు వైద్యుల గదులు దాటి వీధిలోకి పాకడం మొదలయ్యాక, రెండేళ్లకే, 1962లో అదే కోహెన్ దాని దుష్ఫలితాల గురించి హెచ్చరిస్తూ మరో వ్యాసం రాశాడన్నది వారు చెప్పరు. మందు మారలేదు. ఇచ్చేవారు, తీసుకునేవారు, తీసుకునే చోటు మారాయి.

వీధి చిత్రం ఎలా ఉంటుందో 2016లో జాన్స్ హాప్కిన్స్ చేసిన సర్వే కొంత చెప్పింది. పుట్టగొడుగులతో చేదు అనుభవం ఎదురైన 1,993 మందిని వారి అత్యంత దుర్భరమైన రాత్రి గురించి అడిగారు. 39 శాతం మంది దాన్ని జీవితంలోని అత్యంత కష్టమైన అయిదు అనుభవాల్లో చేర్చారు. 11 శాతం మంది తమనో ఇతరులనో శారీరక ప్రమాదంలోకి నెట్టారు. 2.7 శాతం మంది వైద్య సహాయం తీసుకున్నారు. ఆ అనుభవం జరిగి ఏడాది దాటినవారిలో 7.6 శాతం మంది వదలని మానసిక లక్షణాలకు చికిత్స కోరారు. ముగ్గురు ఆత్మహత్యకు ప్రయత్నించారు. వీరిలోనే 84 శాతం మంది ఆ అనుభవం వల్ల తమకు మేలు కూడా జరిగిందన్నారు. ఈ చివరి అంకెను నేను తేలిగ్గా తీసుకోను. కానీ ఆత్మహత్యలో ప్రాణాలు పోయినవారు సర్వేలకు జవాబివ్వరన్న సంగతి కూడా మరువకూడదు.

అసలు ముప్పు ఎవరికంటే, తమకో, తల్లిదండ్రులు, తోబుట్టువులకో స్కిజోఫ్రేనియా లేదా మానియాతో, అంటే అదుపు తప్పిన ఉద్రేకంతో కూడిన బైపోలార్ ఉన్నవారికి. ఈ జబ్బులు ఎక్కువగా పద్దెనిమిది, ముప్పై ఏళ్ల మధ్య బయటపడతాయి. సైకెడెలిక్స్‌ను మొదటిసారి ప్రయత్నించే వయసు కూడా అదే. కుటుంబంలో మానసిక జబ్బును దాచిపెట్టే ఇళ్లలో పెరిగిన యువకుడికి తనకు ఆ ముప్పు ఉందని తెలిసే అవకాశమే ఉండదు. మేనమామ ఇల్లు విడిచి వెళ్లిపోయాడని మాత్రమే విని పెరిగినవాడు, కుటుంబ చరిత్ర ఉందా అన్న ప్రశ్నకు లేదనే నిజాయితీగా జవాబిస్తాడు.

జబ్బు అన్నంత పెద్ద మాట అక్కర్లేకుండానే మిగిలిపోయే బాధలు ఉన్నాయి. చూసిన వస్తువు వెనక తోకలా నీడ సాగడం, దీపాల చుట్టూ వలయాలు, కళ్ల ముందు నిత్యం ఇసుక రాలుతున్నట్టు చుక్కలు కనిపించడం వంటివి నెలలు, ఏళ్లు సాగితే దాన్ని హెచ్‌పీపీడీ అంటారు. అరుదే, కానీ నిశ్చయంగా పనిచేసే చికిత్స లేదు. 2023లో వెలువడిన ఒక అధ్యయనం, సైకెడెలిక్స్ తర్వాత దీర్ఘకాలం ఇబ్బంది పడ్డ 608 మంది కథనాలను పరిశీలించింది. ఆందోళన, భయం, లోకం నిజం కాదేమో అనిపించడం, మనుషుల నుంచి దూరమైపోయిన భావన ఎక్కువగా కనిపించాయి. మూడో వంతు మందికి ఇవి ఏడాదికి మించి, ఆరో వంతు మందికి మూడేళ్లకు మించి సాగాయి. చుట్టూ ఉన్నవారు ఇదంతా ఎదుగుదలలో భాగమని సర్దిచెబుతుంటే, బాధపడుతున్నవారికి తమ మాట వినే మనిషి దొరకరు.

కట్టుదిట్టాల లోపల కూడా

పరిశోధనల్లో జాగ్రత్తలు గట్టిగానే ఉంటాయి. కుటుంబ చరిత్ర, గుండె పరీక్ష, వాడుతున్న మందుల వివరాలు చూసి ఎంపిక చేస్తారు. ముందు కొన్ని గంటల పాటు కూర్చోబెట్టి మాట్లాడతారు. మోతాదు మిల్లీగ్రాము తేడా లేకుండా తెలుస్తుంది. ఆ పూటంతా మనిషిని ఒంటరిగా వదలరు. అయినా 2022లో ప్రచురితమైన, మందులకు లొంగని డిప్రెషన్‌తో ఉన్న 233 మంది మీద చేసిన సైలోసిబిన్ పరీక్షలో, 25 మిల్లీగ్రాముల ఒక్క మోతాదు మూడు వారాలకు స్పష్టమైన మెరుగు చూపినప్పటికీ, ఆత్మహత్య ఆలోచనలు లేదా ప్రయత్నాలు, తమను తాము గాయపరచుకోవడం అన్ని మోతాదుల బృందాల్లోనూ కనిపించాయి. పన్నెండో వారానికి మేలు కొంత కరిగింది. ఆస్ట్రేలియా 2023 జులై 1 నుంచి అనుమతి పొందిన మానసిక వైద్యుల ద్వారా సైలోసిబిన్, ఎండీఎంఏలను పరిమిత జబ్బులకు ఇవ్వడానికి అంగీకరించింది. అమెరికాలో ఎఫ్‌డీఏ 2024 ఆగస్టులో ఎండీఎంఏ చికిత్సను తిప్పి పంపింది.

ఆ తిరస్కారం వెనకున్న కారణాల్లో ఒకటి ఈ రంగం మొత్తానికి వర్తిస్తుంది. అసలు మందు పడిన మనిషికి అది అసలు మందేనని ఇట్టే తెలిసిపోతుంది. తెలిశాక ఆశ కూడా చికిత్సలో భాగమవుతుంది, ఏది మందు పని, ఏది ఆశ పని అన్నది విడదీయలేం. రెండో సంగతి ఇంకా నొప్పి కలిగిస్తుంది. కెనడాలోని ఒక కేంద్రంలో జరిగిన పరీక్షలో చికిత్సకులు రోగి పట్ల అనుచితంగా ప్రవర్తించారని బయటపడింది, ఆ కేంద్రం సమాచారం వాడిన మూడు పరిశోధన వ్యాసాలను పత్రిక 2024లో ఉపసంహరించింది. ఈ మందులు మనిషిని చెప్పుచేతల్లోకి సులభంగా వచ్చేట్టు చేస్తాయి. ఎల్‌ఎస్‌డి కింద సూచనలకు లోనయ్యే స్వభావం పెరుగుతుందని 2015లో ఆరోగ్యవంతుల్లోనే చూపించారు. కళ్లకు గంతలు కట్టుకుని పడుకున్న, తానెవరో కూడా నిలకడగా తెలియని మనిషి అప్పటికప్పుడు ఇచ్చే అంగీకారం అంగీకారం కాదు. దేనికి ఒప్పుకుంటాడో, స్పర్శ సైతం, మందు పడకముందే తేలాలి, మందు పడ్డాక ఆ హద్దు ఒక్క అంగుళం కూడా జరగకూడదు.

చేదు ఫలితాలు కాగితం మీదికి ఎక్కకపోవడం ఈ రంగానికి పాత జబ్బు. 1962లో బోస్టన్‌లోని మార్ష్ చాపెల్‌లో వాల్టర్ పాన్కే 20 మంది విద్యార్థులతో చేసిన సైలోసిబిన్ ప్రయోగం దశాబ్దాల పాటు ఆదర్శంగా చెలామణి అయింది. 1991లో రిక్ డాబ్లిన్ ఆ విద్యార్థులను వెతికి పట్టుకుని మాట్లాడినప్పుడే, వారిలో ఒకరిని అదుపు చేయడానికి క్లోర్‌ప్రొమజిన్ సూది వేయాల్సి వచ్చిందన్న నిజం బయటికొచ్చింది. మూల నివేదికలో ఆ మాట లేదు. మేలు పొందినవారి కథనాలు ఎంత నిజమో ఆ విద్యార్థి కథ కూడా అంతే నిజం; దాన్ని రాయకపోవడం వల్ల తర్వాతి వారికి అందాల్సిన ఒక జాగ్రత్త అందలేదు.

ఎవరైనా ఇబ్బందిలో ఉంటే

ఎవరికీ ఈ ప్రయోగం చేయమని నేను చెప్పను. కానీ పక్కనున్న మనిషి ఆ స్థితిలో ఉంటే ఏం చేయాలో తెలిసి ఉండటం ప్రాణాలు కాపాడుతుంది. భయం, ఏడుపు, అయోమయం మాత్రమే ఉంటే వెలుతురు, చప్పుడు తగ్గించి, ఒక్కరే దగ్గర కూర్చుని, ఇది మందు వల్ల వచ్చింది, కొన్ని గంటల్లో దిగిపోతుందని నెమ్మదిగా చెబుతూ ఉండాలి. వాదించకూడదు, గుంపుగా చుట్టుముట్టకూడదు. మేడలు, కిటికీలు, నీళ్లు, రోడ్డు, వాహనాల తాళాల నుంచి దూరంగా ఉంచాలి. దింపేస్తుందని ఇంట్లో ఉన్న నిద్రమాత్రలు ఇవ్వకూడదు. మద్యం కూడా ఒంట్లో ఉంటే ఊపిరి ఆగే ప్రమాదం ఉంది. ఆసుపత్రిలో వైద్యులు ఆ కోవ మందులే ఇస్తారు, కానీ ఊపిరిని, గుండెను కనిపెట్టి చూస్తూ ఇస్తారు. ఒళ్లు కాలిపోతున్నా, మూర్ఛ వచ్చినా, కండరాలు బిగుసుకుపోయినా, ఛాతీలో నొప్పి ఉన్నా, లేపితే లేవకపోయినా, చచ్చిపోతాననో చంపుతాననో అంటున్నా ఇక ఇంట్లో చూస్తూ కూర్చునే సమయం కాదు, వెంటనే అంబులెన్స్ పిలవాలి. పుట్టగొడుగులు తిన్న ఆరు గంటల తర్వాత వాంతులు మొదలైతే, మిగిలిన ముక్కలేమైనా ఉంటే వాటిని కూడా ఆసుపత్రికి తీసుకెళ్లాలి.

తర్వాతి రోజుల మీద కూడా ఒక కన్నేసి ఉంచాలి. వరసగా నిద్ర లేకపోయినా అలసట కనిపించకపోవడం, తనకేదో ప్రత్యేక కార్యం అప్పగించారని నమ్మడం, అందరూ తన గురించే మాట్లాడుతున్నారని అనుమానించడం మొదలైతే అది అనుభవం తాలూకు ఉత్సాహం కాదు, మానసిక వైద్యుడి దగ్గరికి వెళ్లవలసిన సూచన. ఆ గదిలో ఏం తీసుకున్నారో, ఎప్పుడు తీసుకున్నారో దాచకుండా చెప్పాలి. మానియా అని తేలితే వైద్యుడు లిథియం మొదలుపెట్టే అవకాశం ఉంది, ఆ లిథియం మీద ఉండగా మరోసారి ఎల్‌ఎస్‌డియో, పుట్టగొడుగులో తీసుకుంటే మూర్ఛ రావచ్చని ఆ రోజే రోగికీ, ఇంట్లోవారికీ ఆయన చెప్పగలగాలి.